లెక్కలోకి రాని జాగా: సియోల్ భవనాలకి ఆ ఆకారం ఎలా వచ్చింది

సియోల్‌లో మెట్రో దిగి, పెద్ద రోడ్డు వదిలేసి, ఏదైనా పాత పేటలోకి పది నిమిషాలు నడిస్తే ఒకే రకం దృశ్యం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఒక ఇరుకు సందు. రెండు వైపులా నాలుగంతస్తుల ఎర్ర ఇటుక ఇళ్ళు. ఒక ఇంటికి మన చీలమండల ఎత్తులో, వీధిని ఆనుకుని, ఇనప ఊచల కిటికీ ఉంటుంది. దాని వెనక ఎవరో వంట చేసుకుంటూ ఉంటారు. పక్కింటికి కింద అసలు గదులే ఉండవు. స్తంభాల మధ్య నాలుగు కార్లు ఇరికించి ఉంటాయి. రెండు ఇళ్ళూ పైకి వెళ్ళేకొద్దీ ఒక వైపు మెట్లు మెట్లుగా తరిగిపోతాయి, కేకు ముక్కని ఏటవాలుగా కోసినట్టు. డాబా మీద ఆకుపచ్చ వాటర్‌ప్రూఫ్ పెయింటు, ఒక చిన్న గది, దాని పక్కన మన ఊరగాయ జాడీల్లాంటి నల్లటి జాడీలు.

ఈ ఆకారాన్ని ఏ ఆర్కిటెక్టూ కావాలని గీయలేదు. లెక్క గీసింది.

ఆ లెక్క పేరు కొరియన్‌లో యొంగ్‌జొంగ్‌న్యుల్. మన బిల్డర్లు ఎఫ్‌ఎస్‌ఐ అనేది ఇదే: స్థలానికి ఎన్ని రెట్ల కట్టుబడి చేసుకోవచ్చో చెప్పే అంకె. వంద గజాల స్థలానికి 200 శాతం ఇస్తే, అన్ని అంతస్తులూ కలిపి రెండొందల గజాల ఫ్లోర్ వేసుకోవచ్చు. సియోల్ నిబంధనల ప్రకారం మామూలు నివాస ప్రాంతాలు మూడు తరగతులు: 150, 200, 250 శాతం. చూడ్డానికి ఎక్కువేం కాదు. కానీ 605 చదరపు కిలోమీటర్లలో తొంభై లక్షలకు పైగా జనం. చదరపు కిలోమీటరుకు 15 వేల మందికి పైనే. చుట్టూ ఉన్న ఇంచొన్ నగరం, గ్యొంగీ రాష్ట్రం కూడా కలిపితే, దేశం నేలలో పన్నెండు శాతం మీద దేశ జనాభాలో సగం మందికి పైగా ఉంటున్నారు. పైగా నగరం మధ్యలో కొండలు, వాటి మీద కట్టడానికి వీల్లేదు. ఇక మిగిలిన నేలలో ప్రతి గజమూ బంగారమే.

హైదరాబాద్‌లో 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఎత్తేశారు. రోడ్డు వెడల్పుని బట్టి, సెట్‌బ్యాక్‌లని బట్టి, అంటే ఇంటి చుట్టూ వదిలే ఖాళీని బట్టి, ఎత్తు తేలుతుంది. అందుకే మనవాళ్ళ యావంతా సెట్‌బ్యాక్ ఎంత మింగొచ్చు, డీవియేషన్ ఎంతలో రెగ్యులరైజ్ అవుతుంది అన్న దాని మీద ఉంటుంది. సియోల్‌లో యావ వేరు. అక్కడ అందరూ వెతికేది లెక్కలోకి రాని జాగా. నిబంధన ఫలానా చోటుని ఫ్లోర్ ఏరియాగా లెక్కపెట్టదు అని తెలిసిన మరుక్షణం నగరమంతా ఆ చోటులోకి దూరిపోతుంది. గత యాభై ఏళ్ళ సియోల్ కట్టడాల కథలో పెద్ద భాగం ఈ దూరడమే.

నేల కింద, స్తంభాల మధ్య

ముందు ఆ చీలమండల ఎత్తు కిటికీ సంగతి. కొరియన్ సినిమాలు చూసేవాళ్ళకి ఈ గదులు కొత్త కాదు. బన్‌జిహా అంటారు, అంటే సగం భూమిలో ఉన్నది అని. 1968 జనవరిలో ఉత్తర కొరియా కమాండోలు అధ్యక్ష భవనం దగ్గరదాకా చొరబడ్డారు. తర్వాత 1970లో వచ్చిన భవన నిబంధనల్లో కొత్త ఇళ్ళకి నేలమాళిగ ఉండాలన్నారు, యుద్ధం వస్తే తలదాచుకోవడానికి. అందులో కాపురం ఉండకూడదన్నది అప్పటి మాట. పల్లెల నుంచి జనం వచ్చి పడుతుంటే ఆ మాట ఎవరు వింటారు? 1980లలో ప్రభుత్వమే నిబంధన సడలించి, సగం లోతు భూమిలో ఉంటే చాలు అది నేలమాళిగే అని ఒప్పుకుంది. నేలమాళిగ ఎఫ్‌ఎస్‌ఐ లెక్కలోకి రాదు. అంటే కిటికీ పెట్టి అద్దెకి ఇవ్వగల ఒక అంతస్తు ఊరికే వచ్చినట్టు. 2020 జనాభా లెక్కల నాటికి ఒక్క సియోల్‌లోనే ఇలాంటి ఇళ్ళలో దాదాపు రెండు లక్షల కుటుంబాలున్నాయి.

2022 ఆగస్టు 8 రాత్రి కురిసిన వానకి సిల్లిమ్-డొంగ్ అనే పేటలో ఒక బన్‌జిహాలోకి నీళ్ళు వచ్చేశాయి. బయట నీళ్ళ ఒత్తిడికి తలుపు తెరుచుకోలేదు. కిటికీకి దొంగల భయంతో పెట్టించుకున్న ఊచలు. ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు, అందులో ఒకరు పదమూడేళ్ళ పాప. ఇక బన్‌జిహాలకి అనుమతి ఇవ్వబోమని నగరపాలక సంస్థ వెంటనే ప్రకటించింది. ఉన్నవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నది అంత తేలిగ్గా తేలే విషయం కాదు. ఆ అద్దెకి, ఆఫీసుకి అంత దగ్గరలో, భూమి పైన గది దొరకదు కాబట్టే వాళ్ళు అక్కడ ఉన్నారు.

తర్వాతి తరం ఇళ్ళకి బన్‌జిహా లేదు, దాని బదులు స్తంభాలు వచ్చాయి. కారణం మళ్ళీ నిబంధనే. ఇంటింటికీ కార్లు పెరిగి, 2000ల మొదట్లో పార్కింగ్ నిబంధన బిగించారు. చిన్న స్థలంలో సెల్లార్ తవ్వి, ర్యాంపు దింపి, కార్లు పెట్టడం అయ్యే పని కాదు. దాంతో కింది అంతస్తుని ఖాళీ చేసేశారు. మనం స్టిల్ట్ పార్కింగ్ అంటామే, అదే. అక్కడ పిలోటి అంటారు. పిలోటి అంతస్తు ఎఫ్‌ఎస్‌ఐలోకి రాదు, అంతస్తుల లెక్కలోకీ రాదు. నాలుగంతస్తుల ఇల్లు చూపుకి ఐదంతస్తులు. వీటిని ‘విల్లా’ అని పిలవడం ఒక తమాషా. తోటా లేదు, పెరడూ లేదు, పేరు మాత్రం విల్లా. మన దగ్గర రెండు వైపులా గోడకి గోడ తగిలే బిల్డింగుకి ‘గ్రీన్ ఎన్‌క్లేవ్’ అని పేరు పెట్టినట్టు.

2017 నవంబరు 15న పొహాంగ్ నగరంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ స్తంభాల సంగతి బయటపడింది. పైన గోడలతో బిగుసుకున్న పెట్టె, కింద సన్న కాళ్ళు. కాంక్రీటు రాలిపోయి, లోపలి ఊచలు వంగిపోయి బయటికి పొడుచుకొచ్చిన స్తంభాల ఫొటోలు అప్పట్లో దేశమంతా చూసింది. వీధికి ఇంకో నష్టం కూడా ఉంది, దాని ఫొటో ఎవరూ తీయరు. కింది అంతస్తులో కిరాణా కొట్టు లేదు, గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ లేదు. సందు పొడుగునా కార్ల ముక్కులే.

ఇక ఆ కోసిన కేకు ముక్క. నివాస ప్రాంతాల్లో ఉత్తరం వైపు ఇంటికి ఎండ తగలాలని ఒక నిబంధన ఉంది. 9 మీటర్ల ఎత్తు వరకు ఉత్తరపు హద్దు నుంచి మీటరున్నర వదిలితే చాలు. 2023లో ఆ తొమ్మిదిని పది చేశారు. అది దాటితే ఎత్తులో సగం వదలాలి. అంటే 12 మీటర్ల దగ్గర గోడ ఆరు మీటర్లు వెనక్కి జరగాలి, 14 దగ్గర ఏడు. పొరుగువాడి ఎండ కోసం పెట్టిన మంచి నిబంధనే. కానీ వెనక్కి జరిగిన చోట మిగిలే బుల్లి డాబాని ఇన్‌స్పెక్షన్ అయిపోగానే రేకులతో, ప్యానెళ్ళతో మూసి గది చేసేసుకోవడం అక్కడ పెద్ద రహస్యమేమీ కాదు. ఈ విషయంలో హైదరాబాదుకీ సియోల్‌కీ చుట్టరికం ఉంది. మన పెంట్‌హౌస్‌లూ ఇలా వచ్చినవేగా.

బాల్కనీ కథ ఇంకా బాగుంటుంది. బయటి గోడ నుంచి మీటరున్నర వెడల్పు వరకు బాల్కనీ ఫ్లోర్ ఏరియాలోకి రాదు. అపార్ట్‌మెంట్లలో అందరూ దాన్ని అద్దాలతో మూసి, మధ్య గోడ పగలగొట్టి, హాల్లో కలిపేసుకోవడం మొదలుపెట్టారు. చట్ట ప్రకారం తప్పు, ఆచారం ప్రకారం ఒప్పు. చివరికి 2005 డిసెంబరులో ప్రభుత్వం చేతులెత్తేసి చట్టబద్ధం చేసింది. ఇప్పుడు కొత్త ఫ్లాటు కొనేవాళ్ళు చూసే మోడల్ హౌస్‌లో బాల్కనీ ముందే కలిసిపోయి ఉంటుంది. కాగితం మీద ఉండి కంటికి కనబడని బాల్కనీ కొరియన్ల ప్రత్యేకత. అపార్ట్‌మెంట్ల ముఖాలు నున్నటి గోడల్లా ఎందుకుంటాయని అడిగేవాళ్ళకి జవాబు ఇక్కడుంది.

ప్రమాదకరం అని తేలినందుకు అభినందనలు

దేశంలోని ఇళ్ళలో అరవై శాతానికి పైగా అపార్ట్‌మెంట్లే. అక్కడ అపార్ట్‌మెంట్ అంటే విడి బిల్డింగు కాదు. ‘దంజి’ అంటారు: ఒక్క కాంపౌండులో పదులకొద్దీ టవర్లు, బడి, పార్కు, అంగళ్ళు, సొంత గేటు. మొదటిది మాపో అపార్ట్‌మెంట్స్, 1962లో. పదంతస్తులు, లిఫ్టులు, సెంట్రల్ హీటింగ్ అనుకున్నారు. చివరికి లిఫ్టు లేని ఆరంతస్తులతో సరిపెట్టుకున్నారు. అప్పట్లో జనం అందులోకి వెళ్ళడానికి జంకారు. 1970 ఏప్రిల్‌లో వావూ అపార్ట్‌మెంట్స్ కట్టిన కొద్ది నెలలకే ఒక బ్లాకు కుప్పకూలి 30 మందికి పైగా చనిపోయాక ఆ జంకు భయంగా మారింది. పేదల కోసం హడావుడిగా, ఇనుము తగ్గించి కట్టినది అది. మేయరు రాజీనామా చేయాల్సి వచ్చింది.

భయాన్ని పోగొట్టింది గంగ్నమ్. పాటతో ఆ పేరు మనకి తెలిసింది గానీ, 1960లలో అది హాన్ నదికి దక్షిణాన వరి మళ్ళు, పియర్ తోటలు. 1969లో నది మీద వంతెన, మరుసటి ఏడాది బుసాన్ దాకా ఎక్స్‌ప్రెస్ వే. ఆ తర్వాత ప్రభుత్వం పేరున్న హైస్కూళ్ళని నది దాటించింది. బడి ఎక్కడుంటే తల్లిదండ్రులు అక్కడ. ఇది కొరియా వాళ్ళకి ఎంత నిజమో మనకీ అంతే నిజం, వివరించక్కర్లేదు. మధ్యతరగతి అపార్ట్‌మెంట్లలోకి నడిచొచ్చింది. బొగ్గు పొయ్యి బాధ లేదు, నీళ్ళ బాధ లేదు, నేలని కింద నుంచి వేడిచేసే పాత ఇంటి ఓండోల్ వెచ్చదనం మాత్రం పోలేదు: కాంక్రీటు నేలలో వేడినీళ్ళ పైపులు వేసి, నేల మీదే కూర్చుని, నేల మీదే పడుకునే అలవాటుని పదిహేనో అంతస్తుకి ఎక్కించారు. పాత కొరియన్ ఇంట్లో గదులన్నీ ముంగిట్లోకి తెరుచుకుంటాయి, మన మండువా ఇంట్లో లాగా. అపార్ట్‌మెంట్లో గదులన్నీ హాల్లోకి తెరుచుకుంటాయి. ముంగిలి లోపలికొచ్చి హాలయింది అని అక్కడి పరిశోధకులు కొందరు అంటారు. కాదనలేం.

ఈ అపార్ట్‌మెంట్ ముప్ఫై ఏళ్ళకే పాతబడుతుంది. కాంక్రీటు పాడైపోయి కాదు, లెక్క పాతబడి. ఐదంతస్తుల పాత దంజిలో ఎఫ్‌ఎస్‌ఐ వంద శాతం కూడా వాడి ఉండరు. దాన్ని కూల్చి 250, 280 శాతంతో కడితే అదనంగా వచ్చిన ఫ్లాట్లు బయటివాళ్ళకి అమ్ముకోవచ్చు, ఆ డబ్బుతో పాతవాళ్ళ కొత్త ఇళ్ళ ఖర్చు చాలామటుకు తీరిపోతుంది. గరక్ సియొంగ్ అనే దంజిలో 6,600 ఇళ్ళుండేవి. దాని స్థానంలో 2018లో హెలియో సిటీ లేచింది: 84 టవర్లు, 9,510 ఇళ్ళు. దున్‌చొన్‌లో 5,930 ఇళ్ళు కూల్చి 12,032 కట్టారు. ఒక్క గేటెడ్ కమ్యూనిటీలో ఒక మునిసిపాలిటీ అన్నమాట.

పాత దంజిని కూల్చాలంటే భవనం బలహీనంగా ఉందని భద్రతా పరీక్షలో తేలడం చాలాకాలం ముఖ్యమైన మెట్టు. అందుకే సియోల్‌లో ఒక వింత బ్యానర్ కనబడేది: ‘భద్రతా పరీక్ష గట్టెక్కినందుకు అభినందనలు’. గట్టెక్కడం అంటే భవనం ప్రమాదకరం అని సర్టిఫికెట్ రావడం. తాము ఉంటున్న ఇల్లు కూలే స్థితిలో ఉందని తెలిసి బాజా భజంత్రీలతో సంబరపడే ఊరు ఇంకోటి ఉంటుందా? కన్‌స్ట్రక్షన్ కంపెనీలు కూడా పోటీపడి ఆ బ్యానర్లు కట్టేవి.

లెక్క కుదరకపోతే ఏమవుతుందో ఉన్‌మా చూపిస్తుంది. గంగ్నమ్‌లోని దేచి-డొంగ్‌లో, కోచింగ్ సెంటర్ల మధ్యలో, 1979లో కట్టిన 14 అంతస్తుల బ్లాకులు, 4,424 ఇళ్ళు. అది మొదట్నుంచే 200 శాతం దాకా వాడేసింది. కూల్చి కట్టినా మిగిలేది తక్కువ. ఇరవై ఏళ్ళకు పైగా చర్చలు నడిచాయి. పైపులు తుప్పుపట్టాయి, పార్కింగ్‌లో కారు తీయాలంటే ముందు నాలుగు కార్లు తోయాలి, అయినా ధర పెరుగుతూనే ఉంది. ఒక దశలో సియోల్‌లో నివాస భవనాలకి 35 అంతస్తుల హద్దు ఉండేది. 2014లో పెట్టిన ఆ హద్దుని కొత్త మేయరు వచ్చాక 2023 మొదట్లో తీసేశారు. 2025లో ఉన్‌మాకి 49 అంతస్తుల ప్రణాళిక ఖాయమైంది.

కొత్త దంజిల్లోకి వెళితే ముచ్చటేస్తుంది. కార్లన్నీ నేల కింద, పైన చెట్లు, కాలువలు, పిల్లలు. కానీ ఆ పచ్చదనం గేటు లోపలిది. అదనపు ఫ్లోర్ కోసం ‘మా కాంపౌండు గుండా జనానికి దారి ఇస్తాం’ అని ఒప్పుకోవడం, గృహప్రవేశాలయ్యాక ఆ దారికి కంచె వేయడం, దాని మీద తగవులు: ఇవి అక్కడి పేపర్లలో మామూలు వార్తలు. పాత సందులు ఊరంతటికీ దారులు. దంజి వాటిని మింగి, చుట్టూ ఎనిమిది లైన్ల రోడ్డు మిగులుస్తుంది. పేర్లు కూడా క్యాజిల్, ప్యాలెస్ అంటూ చాంతాడంత ఉంటాయి. ఊరి నుంచి వచ్చే అత్తగారికి అడ్రసు దొరక్కూడదనే కోడళ్ళు ఇలాంటి పేర్లున్న వాటిలో కొంటున్నారని కొరియన్ల జోకు.

ఖాళీని గీసినవాళ్ళు

ఇంత లెక్క మధ్య ఆర్కిటెక్టుకి మిగిలేదేమిటి? 2016లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో కొరియా తన పెవిలియన్‌కి ‘ఫార్ గేమ్’ అని పేరు పెట్టుకుంది. ఫార్ అంటే ఎఫ్‌ఏఆర్, ఫ్లోర్ ఏరియా రేషియో; మన ఎఫ్‌ఎస్‌ఐ లెక్కే. క్యూరేటర్ కిమ్ సుంగ్-హొంగ్ అక్కడ పెట్టినవి మ్యూజియంలూ టవర్లూ కావు. సందుల్లో చిన్న స్థలాల్లో, చివరి చదరపు మీటరు దాకా పిండుకుంటూ కట్టిన మామూలు భవనాలు. స్థల యజమాని గరిష్ఠం అడుగుతాడు, చట్టం హద్దు గీస్తుంది, ఈ రెంటి మధ్య కొరియన్ ఆర్కిటెక్టు ఆడే ఆటే అతని కళ అన్నది ఆ ప్రదర్శన మాట. దేశపు గొప్ప కట్టడాలు కాకుండా దేశపు ఇరుకుని తీసుకెళ్ళి వెనిస్‌లో నిలబెట్టడానికి ధైర్యం కావాలి.

ఆ ఆటలో మంచి ఎత్తు ఒకటి చూడాలంటే గంగ్నమ్ స్టేషన్ దగ్గర 2008లో పూర్తయిన బుటీక్ మొనాకో. ఆర్కిటెక్టు చో మిన్-సుక్. స్థలంలో 40 శాతం మీద కట్టి, గరిష్ఠంగా 100 మీటర్లు, అంటే 27 అంతస్తులు లేపితే, మొత్తం ఫ్లోర్ ఏరియా అనుమతించిన దానికన్నా పది శాతం దాకా ఎక్కువైపోతోంది. ఇంకొకరైతే రెండు మూడు అంతస్తులు తగ్గించి ఊరుకునేవారు. చో ఎత్తు తగ్గించలేదు. భవనం ఒంట్లో నుంచి పదిహేను చోట్ల ముక్కలు పీకేశారు, పంటి సందుల్లాగా. ఎక్కువైన పది శాతం అలా పోయింది. ఆ సందుల్లో చెట్లు పెట్టారు, లోపలి ఇళ్ళకి రెండో వైపు నుంచి కూడా వెలుతురు వచ్చింది. లెక్క మిగిల్చిన నష్టాన్నే ఇంటి సొగసు చేశారు. లండన్‌లో ఏటా ఒక ఆర్కిటెక్టుతో కట్టించే సర్పెంటైన్ పెవిలియన్ 2024లో ఈయనకే దక్కింది. అక్కడ ఆయన మధ్యలో ఏమీ కట్టకుండా, చుట్టూ ఐదు చిన్న నిర్మాణాలు పెట్టారు. మధ్యలో ఉన్న ఆ ఖాళీకి మూలం కొరియన్ ఇంటి ముంగిలి, మదాంగ్.

మదాంగ్ మాట అక్కడి ఆర్కిటెక్టుల నోట మరీ తరచుగా వస్తుంది. కొంత అతిగా కూడా. నాలుగు గోడల మధ్య కాస్త ఆకాశం కనబడితే చాలు, మదాంగ్ అనేస్తారు. అసలు ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు తీసుకునే బుక్‌చొన్ పేట హనోక్‌లలో, అంటే పాత పద్ధతి కొరియన్ ఇళ్ళలో, చాలామటుకు 1920, 30లలో జొంగ్ సె-గ్వొన్ అనే బిల్డరు పెద్ద లోగిళ్ళని కొని, ముక్కలు చేసి, చిన్న చిన్న ఇళ్ళుగా కట్టి అమ్మినవే. ఆ ‘పురాతన’ పేట ఒకనాటి రియల్ ఎస్టేట్ వెంచరు. అయినా అంత ఇరుకు ఇంట్లోనూ మధ్యలో నాలుగడుగుల మదాంగ్ వదిలాడు ఆయన.

ఆ మాటకి న్యాయం చేసిన కట్టడాలు లేకపోలేదు. సుంగ్ హ్యో-సాంగ్ 1990ల మొదట్లో గంగ్నమ్‌లో కట్టిన సుజొల్దాంగ్‌లో స్థలం నడిబొడ్డున మదాంగ్ ఉంటుంది. వానొస్తే ఒక గది నుంచి ఇంకో గదికి గొడుగేసుకుని వెళ్ళాలి. కావాలనే అలా కట్టారు. తర్వాత ఆయనే సియోల్‌కి మొదటి సిటీ ఆర్కిటెక్ట్ అయ్యారు. ఇన్సాడొంగ్‌లో 2004లో వచ్చిన సంజిగిల్ ఇంకో దారి పట్టింది. ఆర్కిటెక్టు చ్వె మున్-గ్యు. ఆ స్థలంలో పన్నెండు చిన్న దుకాణాలుండేవి. వాటిని వెళ్ళగొట్టొద్దని ఉద్యమం నడిచింది, కొత్త భవనంలో వాటికి చోటిచ్చారు. మధ్యలో ముంగిలి వదిలి, దాని చుట్టూ వీధినే మెలితిప్పి పైకి తీసుకెళ్ళారు. దాదాపు ఐదొందల మీటర్ల వాలు దారి, పక్కన బుల్లి కొట్లు. మెట్లెక్కుతున్నామన్న ధ్యాసే లేకుండా నాలుగో అంతస్తుకి చేరతారు. లిఫ్టు ఎక్కి పై అంతస్తు షాపుకి ఎవరూ రారు అన్నది ఏ ఊళ్ళోనైనా కాంప్లెక్స్ ఓనర్లకి తెలిసిన బాధే. దానికి ఇంత తేలిక జవాబు ఇంకెక్కడా చూడం.

వాగు పోసుకునే నీళ్ళు

ఇళ్ళ స్థాయిలో లెక్కలోకి రాని జాగా ఉన్నట్టే, నగరం స్థాయిలోనూ ఉంటుంది. పాత రైలు పట్టాలు, పనికిరాని ఫ్లై ఓవర్లు, కప్పేసిన వాగులు. కొత్తగా కొనడానికి నేల లేని నగరం వీటి మీద పడింది. భూమి కిందికి వెళ్ళిపోయిన గ్యొంగుయి రైలు మార్గం పైన 6.3 కిలోమీటర్ల సన్నటి పార్కు వచ్చింది. సియోల్ స్టేషన్ దగ్గర 1970 నాటి ఫ్లై ఓవర్‌ని 2017లో నడక దారి చేశారు. డచ్ సంస్థ ఎంవీఆర్‌డీవీ అక్కడ మొక్కల్ని వాటి పేర్ల కొరియన్ అక్షర క్రమంలో నాటించింది. ఆలోచన తెలివైనదే, కాంక్రీటు కుండీల మధ్య ఎండాకాలం నడిచేవాళ్ళకి మాత్రం నీడే కావాలి. రైలు పార్కు బాగా కుదిరింది, ఎంత బాగా అంటే యొన్నమ్-డొంగ్‌లో దాని పక్క ఇళ్ళు ఒక్కొక్కటిగా కేఫ్‌లయిపోయాయి. అవే బన్‌జిహాలు, ఇప్పుడు అందులో కేకులు అమ్ముతారు.

వీటన్నిటికీ పెద్దన్న చొంగ్గెచొన్ వాగు. తెలుగువాళ్ళకి ఈ పేరు 2024లో బాగా వినబడింది. ఆ ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, అక్టోబరులో తెలంగాణ మంత్రులు, అధికారులు మూసీ ప్రణాళిక కోసం సియోల్ వెళ్ళి హాన్ నదినీ ఈ వాగునీ చూసొచ్చారు. టీవీల్లో కనబడిన దృశ్యం నిజమే: ఆకాశహర్మ్యాల మధ్య, వీధికి ఒక అంతస్తు కింద, గలగలా పారే నీళ్ళు, రాళ్ళ మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న జనం. 1950ల చివర్లో మురికి వాగుగా ఉన్న దాన్ని కాంక్రీటుతో కప్పి, తర్వాత పైన ఎలివేటెడ్ హైవే వేశారు. మేయరు లీ మ్యుంగ్-బక్ 2003 జులైలో కూల్చడం మొదలుపెట్టి 2005 అక్టోబరు 1కల్లా 5.8 కిలోమీటర్లు తెరిచారు. హైవే స్తంభాలు మూడింటిని గుర్తుగా అలాగే వదిలేశారు. ఆ స్తంభాలు అక్కడి కొత్త శిల్పాలన్నిటికంటే బాగుంటాయి.

ఈ దృశ్యంలో కనబడనివి కొన్ని ఉన్నాయి. వాగు తనంతట తాను పారదు. రోజుకి సుమారు లక్షా ఇరవై వేల టన్నుల నీళ్ళు, ఎక్కువగా హాన్ నది నుంచి, పంపులతో పైకి తెచ్చి వదులుతారు. అది ఒక రకంగా చాలా పొడవైన ఫౌంటెన్. హైవే తీసేస్తే ట్రాఫిక్ ఏమవుతుందన్న టెన్షన్‌కి జవాబుగా 2004 జులైలో నగరం మొత్తం బస్సు రూట్లని తిరగరాసి, రోడ్ల మధ్యలో బస్సులకి విడిగా లైన్లు వేశారు. వాగు ఫొటోలో బస్సు కనబడదు గానీ, బస్సు లేకపోతే వాగు లేదు. ఇంకొకటి, హైవే కింద బతికిన వీధి వ్యాపారులు. వాళ్ళలో వందల మందిని తొంగ్‌దెమున్ స్టేడియంలోకి తరలించారు. కొన్నేళ్ళకి ఆ స్టేడియం కూల్చి ఆర్కిటెక్టు జహా హదీద్‌తో డిజైన్ ప్లాజా కట్టించాలని తర్వాతి మేయరు అనుకోవడంతో అక్కడి నుంచీ లేపారు.

2014లో తెరిచిన ఆ ప్లాజాకి 45,133 అల్యూమినియం పలకలు. ఒకదాని వంపు ఇంకోదానికి లేదు. తవ్వుతుంటే కింద పాత కోటగోడ, నీటి ద్వారం బయటపడ్డాయి, వాటినీ ప్రదర్శనలో కలిపారు. రాత్రిళ్ళు బట్టల మార్కెట్ మధ్య దిగిన అంతరిక్ష నౌకలా ఉంటుంది. చుట్టూ ఉన్న పేటతో దానికి మాటల్లేవు అన్నది స్థానిక ఆర్కిటెక్టుల ఫిర్యాదు. జనం మాత్రం తండోపతండాలుగా వస్తారు. రెండూ నిజమే.

మూసీకి, చొంగ్గెచొన్‌కి పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. సియోల్ తెరిచింది రోడ్డు కింద కప్పేసిన వాగుని. దాని మీద ఉన్నవి వాహనాలూ కొట్లే తప్ప ఇళ్ళు కావు. మురుగుని వాగు పక్కన విడిగా గొట్టాల్లోకి మళ్ళించాకే పైన నీళ్ళు వదిలారు. మూసీ నగరం మురుగంతా మోస్తున్న నది, ఒడ్డున కాపురాలున్నాయి.

సెవూన్, జొంగ్‌మ్యో

చొంగ్గెచొన్ వాగుని అడ్డంగా దాటుతూ, ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు కిలోమీటరు పొడవునా ఒక పాత కాంక్రీటు కట్టడాల వరస ఉంది. సెవూన్ సంగా. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, బాంబులు పడితే మంటలు పాకకుండా జపాన్ పాలకులు ఇళ్ళు పడగొట్టి వదిలిన ఖాళీ పట్టీ అది. యుద్ధాల తర్వాత అందులో గుడిసెలు వెలిశాయి. 1960ల చివర్లో ఆర్కిటెక్టు కిమ్ సూ-గున్ అక్కడ కింద కొట్లు, పైన ఇళ్ళు, వాటి మధ్య జనం నడిచే డెక్కు గీశారు. కట్టినవాళ్ళు వేర్వేరు కంపెనీలు, ఎవరి తొందర వాళ్ళది, డెక్కు ముక్కలైంది. కొన్నాళ్ళు అది దేశం మొత్తానికి ఎలక్ట్రానిక్స్ బజారు. సెవూన్‌లో ఒక్క చుట్టు తిరిగితే జలాంతర్గామి కట్టేయొచ్చు అనేవారు. 1980ల చివర్లో కొట్లు యొంగ్సన్‌కి వెళ్ళిపోయాక పాడుబడింది.

అక్కడి నుంచి సెవూన్ గతి మేయర్ల గతి. ఒక మేయరు కూల్చడం మొదలుపెట్టి 2009లో ఉత్తరపు ముక్క తీసేశారు. తర్వాతి మేయరు కూల్చొద్దన్నారు, డెక్కు బాగుచేసి, 2017లో వాగు మీదుగా మళ్ళీ కలిపారు. మొదటి మేయరు తిరిగొచ్చాక మళ్ళీ కూల్చుడే. ఈసారి ప్రణాళిక: సెవూన్‌ని పూర్తిగా తీసేసి, ఆ పట్టీ పొడవునా పచ్చటి పార్కు. దాని ఖర్చు ఎక్కడి నుంచి? పక్క స్థలాల్లో ఎఫ్‌ఎస్‌ఐ పెంచి, ఎత్తు పెంచి, ఆ లాభంలోంచి. అంటే ఖాళీ జాగా కొనడానికి ఎత్తు అమ్ముతారు.

ఆ పట్టీకి ఉత్తరపు కొసన జొంగ్‌మ్యో ఉంది. చొసొన్ వంశపు రాజుల, రాణుల ఆత్మఫలకాలుంచిన మందిరం, 1995 నుంచి యునెస్కో జాబితాలో. ప్రధాన మందిరం పొడవు వంద మీటర్లు, పందొమ్మిది గదులు, ఒకే కప్పు. అలంకారం దాదాపు లేదు. ముందు గరుకు రాళ్ళు పరిచిన విశాలమైన అరుగు, దాని మీద ఏమీ లేదు. సియోల్ నడిబొడ్డున అంత ఖాళీ ఇంకెక్కడా కనబడదు. 2025 చివర్లో, దానికి దాదాపు 180 మీటర్ల దూరంలో ఉన్న సెవూన్ నాలుగో జోన్‌లో ఎత్తు పరిమితిని నగరపాలక సంస్థ 70 మీటర్ల చిల్లర నుంచి దాదాపు రెట్టింపు చేసింది. ముందు వారసత్వ ప్రభావ అంచనా చేయించండి అని వారసత్వ శాఖ, అక్కడ నీడ పడదు, హద్దు బయటే ఉంది అని నగరం. అప్పుడు ఇరుపక్షాలూ కంప్యూటర్లో గీసిన బొమ్మలు చూపించుకున్నాయి: ఆ రాతి అరుగు మీద నిలబడి దక్షిణంగా చూస్తే, చెట్ల కొసల పైన ఎన్ని అంతస్తులు తేలతాయి అని.